మీ అమ్మాయి నవల గురించే, వదినగారూ

వదినగారూ, ఆ వడియాల గుడ్డ ఎండలోకి జరిపేసి ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి రండి. మీ అమ్మాయి రాసిన ఇంగ్లీషు నవల చదవడం పూర్తయింది. బాగుందో లేదో మీరు నా మొహం చూసి కనిపెట్టేలోపు నేనే చెప్పేస్తాను. బాగుంది, చాలా బాగుంది. కానీ దాంతోపాటు ఏజెంటుకి పంపడానికి ఒక ఉత్తరం రాసిపెట్టుకుంది చూశారూ, అది మాత్రం ఇలాగే వెళ్ళకూడదు. మన బరంపురం గోసాని నువాగాంలో కూర్చుని ఏళ్ళ తరబడి రాసుకున్న నవల, ఢిల్లీలో ఎవరో మొహం తెలియని మనిషి చేతిలో పడబోతోంది. ఆయన అందులో ఏం వెతుకుతాడో తెలుసుకోకుండా పంపడమెందుకు?

ఏజెంటంటే ఎవరని మీరు అడగడం సబబే. మన తెలుగులో ఆ పేరుతో ఎవరూ లేరు. ఆ పని మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు చేస్తూనే వచ్చారు. గురజాడ వారికి విజయనగరం ఆనందగజపతి మహారాజు ఉన్నారు. 1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు అంకితం ఆయనకే. తర్వాతి కాలంలో ఆ చోటు పత్రికల వాళ్ళకి దక్కింది. యద్దనపూడి వారి సెక్రటరీ ముందు జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఆ తర్వాత ఎమెస్కో వాళ్ళు పుస్తకం వేశారు. ఆ కాలంలో మన బరంపురంలో కూడా తెలుగు ఇళ్ళల్లో వారపత్రిక వచ్చే రోజున ఎవరు ముందు చదవాలని తగువు పడేవాళ్ళం కదూ! శ్రీశ్రీ మహాప్రస్థానం గేయాలు చాలావరకు 1930లలో రాసినవే. పుస్తకంగా రావడానికి 1950 దాకా ఆగాయి. నళినీకుమార్ అనే ఆయన పూనుకుంటే గానీ అచ్చుకి వెళ్ళలేదు. ఇక రంగనాయకమ్మగారు ఎవరి కోసమూ ఆగకుండా స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ అని పెట్టుకుని తన పుస్తకాలు తనే వేసుకున్నారు. రాజుగారో, సంపాదకుడో, అభిమానో, లేదా సొంత డబ్బో, మనకి తెలిసినవి ఈ దారులే. అందుకే ఏజెంటుని ఎలా అడగాలో మన పిల్లలకి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు.

ఈ పని లండన్‌లో మొదలైంది. 19వ శతాబ్దం చివర్లో ఎ.పి. వాట్ అనే స్కాట్లండ్ ఆయన రచయితల తరఫున ప్రచురణకర్తలతో బేరాలు మాట్లాడి, వచ్చిన దాంట్లో నూటికి పది తీసుకునేవాడు. కిప్లింగ్, కానన్ డాయిల్ లాంటివాళ్ళ పుస్తకాలు ఆయన చేతిమీదుగానే వెళ్ళాయి. ఇప్పుడు స్వదేశంలో అమ్మితే నూటికి 15, విదేశీ హక్కులో అనువాద హక్కులో అమ్మితే 20 మామూలు. మన దేశంలోనూ ఉన్నారు. జైపూర్‌లో మీతా కపూర్ గారి సియాహీ, ఢిల్లీలో కనిష్క గుప్తా నడిపే రైటర్స్ సైడ్, హేమాలీ సోధీ మొదలుపెట్టిన ఎ సూటబుల్ ఏజెన్సీ. పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థల్లో చాలావాటికి నవల ఇలాంటివాళ్ళ ద్వారా వెళితే వినేవాళ్ళుంటారు. నేరుగా పంపితే చాలాసార్లు జవాబే రాదు.

అంటే పెళ్ళిళ్ళ పేరయ్యా అంటారా? కొంతవరకు అంతే. కానీ పేరయ్య రెండు వైపులా పుచ్చుకుంటాడు, ఈయన రచయిత వైపు మాత్రమే. పైగా పుస్తకం అమ్ముడయ్యి రచయిత చేతికి డబ్బు వస్తేనే అందులో ఈయనకి వాటా. రాకపోతే చదివిన రోజులూ తిరిగిన రోజులూ అన్నీ ఆయన ఖాతాలోనే. ఈ ఒక్క సంగతి పట్టుకోండి వదినగారూ, మిగిలినవన్నీ దీంట్లోంచే తెలుస్తాయి. నవల చేతికి రాగానే ఆయన మనసులో మెదిలేది ఇదే: దీన్ని నేను ఏ ఎడిటరు దగ్గరికి, ఏ మాట చెప్పి తీసుకెళ్ళగలను? ఒకరు కాదంటే ఇంకొకరికి, వాళ్ళూ కాదంటే మరొకరికి, ఏడాదో రెండేళ్ళో అదే మాట విసుగు లేకుండా చెప్పగలిగేంత ఇష్టం నాకు దీనిమీద కలిగిందా? అందుకే బాగున్న పుస్తకాలు కూడా తిరిగొస్తాయి. తిరిగొస్తే రాత బాగులేదని కాదు. ఆ మనిషికి దానిమీద అంత ప్రేమ పుట్టలేదు, లేదా ఆయనకి తెలిసిన ఎడిటర్లలో దానికి తగినవాళ్ళు లేరు.

కాబట్టి ముందు మనిషిని ఎంచుకోవాలి. జీవిత చరిత్రలూ వంటల పుస్తకాలూ చూసేవాళ్ళకి నవల పంపితే ఏం లాభం? ఎవరు ఏవి చూస్తారో తెలియాలంటే ఒక సులువైన దారి ఉంది. మీ అమ్మాయికి నచ్చిన ఇంగ్లీషు నవలలు అటక మీద ఉంటాయి కదా, ఒక్కొక్కటీ తీసి చివర కృతజ్ఞతల పేజీ చదవమనండి. ఏజెంటు పేరు చాలామంది అక్కడ రాస్తారు. తన నవలకి దగ్గరగా ఉన్న పుస్తకం ఎవరి చేతిమీదుగా వచ్చిందో చూసి, ఆ పేరుతో ఉత్తరం మొదలుపెట్టాలి. ‘అయ్యా లేదా అమ్మా’ అని మొదలయ్యే ఉత్తరం ఊరందరికీ వెళ్ళిందని వాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడా ఉత్తరం సంగతికి వద్దాం. మీ అమ్మాయి ఏం రాసిందంటే, చిన్నప్పటినుంచీ తనకి సాహిత్యమంటే ఆసక్తి అని. బంధువులూ స్నేహితులూ అందరూ చదివి మెచ్చుకున్నారని. మానవ సంబంధాల్లోని లోతుల్ని ఈ నవల తడుముతుందని. తను తూర్పు భారతదేశంలోని ఒక చిన్న పట్టణంలో ఉంటానని. కథేమిటో మాత్రం ఎక్కడా లేదు! ఊరి పేరు కూడా రాయలేదు. ఎందుకమ్మా రాయలేదని అడిగితే, బరంపురం అంటే ఢిల్లీ వాళ్ళకి ఏం తెలుస్తుంది అత్తా, చిన్న ఊరని తీసిపారేస్తారు అంది. నాకు మనసు చివుక్కుమంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ తర్వాత కూడా తరాల తరబడి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకుంటూ బతికాం. వి.వి. గిరిగారు పుట్టిన ఊరు. అతడు-ఆమె రాసిన ఉప్పల లక్ష్మణరావుగారు పుట్టిన ఊరు. ఆయన ఇక్కడినుంచి మాస్కో దాకా వెళ్ళి రష్యన్ పుస్తకాలు తెలుగులోకి తెచ్చారు. ఇంత ఉన్న ఊరి మీద ఇంగ్లీషులో ఎన్ని నవలలు వచ్చాయి? ఏజెంటు ఎదురుచూసేది ఇలాంటి చోటు కోసమే. ఎడిటరు దగ్గర చెప్పడానికి ఆయనకి ఇంతకంటే మంచి మాట ఏం దొరుకుతుంది? దాన్నే మనం దాచిపెడితే ఎలా?

నేను కూర్చుని ఆ ఉత్తరం ఇంకోలా రాసి చూశాను. వినండి. బరంపురం పట్టునేత వీధిలో ఒక తెలుగు ముసలమ్మ ఇంటి జమాఖర్చులన్నీ తెలుగులో రాసి ఉంచుతుంది. ఒడియా బడిలో చదివిన మనవడికి ఆ అక్షరాలు రావు. మగ్గాలున్న ఇంటి స్థలం మీద తగువొచ్చి కోర్టుకెక్కేసరికి, ఆ లెక్కల పుస్తకాలే సాక్ష్యమవుతాయి. అవి చదవడం నేర్చుకుంటున్న కొద్దీ, తమ ఇంట్లో ఎవరూ నోరెత్తని ఒక అప్పు సంగతి మనవడికి తెలుస్తూ వస్తుంది. నవల పూర్తయింది, సుమారు 80 వేల మాటలు. నేను పుట్టిందీ పెరిగిందీ బరంపురంలో. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, రాసేది ఇంగ్లీషు. అంతే. దీనికి తోడు ఈమధ్య వచ్చిన ఏ రెండు పుస్తకాలు చదివినవాళ్ళు దీన్ని ఇష్టపడతారో ఒక వాక్యం రాస్తే చాలు. ఒక పేజీ దాటకూడదు. ఇదంతా మీ అమ్మాయి పుస్తకంలో ఉన్నదే, నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. చదవగానే ఆ కోర్టులో ఏమయిందని మీకు అడగాలనిపించింది కదా? ఏజెంటుకీ అదే అనిపించాలి.

ఉత్తరం నచ్చితే తర్వాత చూసేది మొదటి పేజీలు. కొందరు మూడు అధ్యాయాలు అడుగుతారు, కొందరు యాభై పేజీలు. ఎవరు ఏం అడిగితే అదే పంపాలి, ఎక్కువా తక్కువా కాకుండా. నవలైతే మొత్తం రాసి ఉండాలి. చరిత్రో వ్యాసాలో అయితే ప్రణాళికా, ఒకటి రెండు అధ్యాయాలూ సరిపోతాయి. కానీ వదినగారూ, మొదటి మూడు పేజీల్లోనే చాలావరకు తేలిపోతుంది. పాపం వాళ్ళ ముందు అలాంటి కట్టలు గుట్టలుగా ఉంటాయి. మీ అమ్మాయి నవల గోపాల్‌పూర్ సముద్రం మీద సూర్యోదయంతో మొదలవుతుంది. తర్వాత బుఢీ ఠాకురాణీ జాతర, ఆ తర్వాత నాలుగు తరాల వంశావళి. అన్నీ అందంగానే రాసింది. అసలు ప్రాణమంతా పదకొండో పేజీలో ఉంది.

అక్కడ ముసలమ్మ బ్యాంకుకి వెళుతుంది. ఫారం మీద తన పేరు తెలుగులో రాయబోతే, కౌంటరు దగ్గరి కుర్రాడు, ఇది మాకు చదవడం రాదు మావుసీ అని స్టాంపు ప్యాడు ఇటు జరుపుతాడు. మర్యాదగానే అంటాడు. ఆమె ఏమీ అనదు. సంచిలోంచి తీసిన సొంత పెన్నుకి మూత పెట్టి మళ్ళీ సంచిలో వేసుకుంటుంది. ఇన్నేళ్ళూ లెక్కలు రాసిన చెయ్యి వేలిముద్ర వేస్తుంది. కట్టుకున్నది పట్టుచీర, సిరా అంటుకుంటుందని చెంగుకి తుడుచుకోదు. ఇల్లు చేరేదాకా ఆ బొటనవేలు ఎడంగా పట్టుకుని నడుస్తుంది.

ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇదే మొదటి పేజీ కావాలి. ఆ వేలితో కథలోకి దిగితే, జాతరా వంశావళీ తర్వాత ఎప్పుడు చెప్పినా వింటారు. ఏజెంట్లు ‘గొంతు’ అంటూంటారు, అదేదో పెద్ద మాట అనుకుంటాం. ఈ పేజీలో ఉన్నదే అది. ఇంకెవరూ ఇలా చూడలేదు, ఇలా చెప్పలేదు అని చదివేవాడికి నమ్మకం కలగడం.

కథాసారాంశం కూడా ఒకటి అడుగుతారు, పేజీయో రెండు పేజీలో. అందులో ముగింపుతో సహా చెప్పెయ్యాలి. ముందే చెప్పేస్తే ఇంకెవరు చదువుతారని కదా మీ అనుమానం? మీ అమ్మాయి కూడా ‘చివరికి ఏమైందో నవలలో చూడండి’ అని చుక్కలు పెట్టి వదిలేసింది. ఏజెంటు చదివేది కథ కోసం ఒక్కటే కాదు కదా, ఇల్లు చివరంటా నిలబడిందో మధ్యలో కుంగిందో చూసుకోవాలి. దాచకుండా రాయమనండి.

తెలిసినవాళ్ళుంటేనే ఇవన్నీ జరుగుతాయనేవాళ్ళు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆర్.కె. నారాయణ్ గారి మొదటి నవలని ఎందరో ప్రచురణకర్తలు వెనక్కి పంపారు. విసిగిపోయి, దానికో రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకి రాశారు. ఆ స్నేహితుడు నదిలో పడెయ్యకుండా ఇంగ్లీషు రచయిత గ్రహమ్ గ్రీన్‌కి చూపించాడు. గ్రీన్ మాట మీద 1935లో స్వామి అండ్ ఫ్రెండ్స్ వచ్చింది. తర్వాత ఏజెంటుగా డేవిడ్ హైయమ్‌ని కుదిర్చిందీ గ్రీనే. అరుంధతీ రాయ్ గారి కథ ఇంకోటి. 1996లో ఆమె రాతప్రతి చదివిన పంకజ్ మిశ్రా దాన్ని లండన్‌కి పంపారు. డేవిడ్ గాడ్విన్ అనే ఏజెంటు చదివి, ఆగలేక విమానమెక్కి ఢిల్లీ వచ్చేశాడు. మరుసటి ఏడాది దానికి బుకర్ వచ్చింది. నేను ఇందాక ఇష్టం అన్నది ఇదే వదినగారూ, చదివినవాడు కుర్చీలో కూర్చోలేకపోవాలి.

తెలిసినవాళ్ళు లేకపోయినా దారి మూసుకుపోదు. హారీ పాటర్ మొదటి పుస్తకం లండన్‌లో క్రిస్టఫర్ లిటిల్ అనే ఏజెంటు ఆఫీసుకి టపాలో వచ్చింది. తిప్పి పంపాల్సిన కుప్పలోంచి దాన్ని తీసి చదివింది అక్కడ పనిచేసే బ్రయొనీ ఎవెన్స్ అనే అమ్మాయి. మీ అమ్మాయి ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఎవరి చేతిలో పడినా నిలబడేలా ఉండాలి.

ఇంగ్లీషు కాబట్టి ఇదంతా, తెలుగులో రాస్తే ఏమిటంటారా? నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది అక్కడే. ఒడియా కథలు తెలుగులోకి తెస్తూ నా వయసంతా గడిచింది. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ కన్నడంలో రాసే బాను ముష్తాక్ గారికి వచ్చింది. ఆవిడది హాసన్, మన బరంపురంలాంటి ఊరే, వృత్తి న్యాయవాది. దీపా భస్తి ఇంగ్లీషులోకి తెచ్చారు. బహుమతి 50 వేల పౌండ్లు ఇద్దరికీ చెరి సగం. మన తెలుగులోంచి వోల్గా గారి విముక్త 2018లో ఇంగ్లీషులో వచ్చింది. విజయనగరం చాసో గారి కథలు 2012లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేతిమీదుగా పెంగ్విన్‌కి వెళ్ళాయి. ఇలాంటి చోట తలుపు తట్టేది అనువాదకులే. మూల రచయిత అనుమతి రాతలో తీసుకుని, ఓ ఇరవై పేజీలు చక్కగా అనువదించి, పుస్తకం గురించి ఒక పేజీ రాసి పంపితే ఏజెంట్లు చూస్తారు. మూలం వాళ్ళకి రాదు కాబట్టి ఆ ఇరవై పేజీలే వాళ్ళకి పుస్తకం. మన దగ్గర అంతటి కథలు లేక కాదు, పంపేవాళ్ళు తక్కువ. మూడు భాషలూ వచ్చిన మీ అమ్మాయిలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఎందరున్నారో! తెలుగులోనే పుస్తకం వెయ్యాలంటే, అమెరికా తెలుగు సంఘం తానా వాళ్ళు నవలల పోటీలు పెడుతూ వచ్చారు. చంద్రలత గారి రేగడి విత్తులు అలా వచ్చిందే. హైదరాబాదులో రాతప్రతి చదివి జవాబిచ్చే ప్రచురణ సంస్థలు ఇప్పుడు కొత్తగా కూడా వచ్చాయి.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. డబ్బు అడిగారా, అక్కడితో ఆపెయ్యండి. చదివే రుసుమనీ, నమోదు రుసుమనీ, ప్యాకేజీ అనీ రకరకాల పేర్లు పెడతారు. మా బంధువుల్లో ఒకాయన రిటైరైన డబ్బులోంచి అలాగే కట్టాడు. అచ్చయిన పుస్తకాలు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చి మంచం కింద ఉండిపోయాయి. ఆయన మళ్ళీ కలం పట్టలేదు, అది నాకు ఎప్పటికీ బాధే. ఏజెంటన్నవాడికి డబ్బు రావాల్సింది ప్రచురణకర్త నుంచి వచ్చే దాంట్లోంచి. రచయిత పర్సులోంచి కాదు.

ఒప్పందం వచ్చినా సంబరంలో సంతకం పెట్టెయ్యకూడదు. 1957 కాపీరైటు చట్టంలో 19వ సెక్షను చదివించండి. హక్కులు ఎన్నేళ్ళకిచ్చామో రాయకపోతే ఐదేళ్ళకని, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే చెబుతుంది. మంచి ఏజెంటు ఇక్కడే అక్కరకొస్తాడు. ప్రింటు, ఆడియో, సినిమా, అనువాదం, దేనికది విడదీసి మాట్లాడతాడు. ముందుగా ఇచ్చే అడ్వాన్సు తర్వాతి రాయల్టీలో జమ అవుతుందని, పుస్తకం అమ్మకం ఆగిపోతే హక్కులు వెనక్కి ఎప్పుడొస్తాయో రాయించుకోవాలని, ఇవన్నీ రచయితకి తట్టవు.

పంపేటప్పుడు ఐదారుగురికి పంపి ఆగమనండి. రెండు మూడు నెలలు జవాబు రాకపోవడం మామూలే. మధ్యలో ఫోన్లు వద్దు. కాదన్నవాళ్ళలో ఎవరైనా కారణం రాస్తే అది దాచుకోవాలి, తీరిక లేని మనిషి తీరిక చేసుకుని రాసిన మాట అది. ఇద్దరు ముగ్గురు అదే చోట వేలు పెడితే అక్కడ తిరగరాసి, అప్పుడు తర్వాతివాళ్ళకి పంపాలి.

ఆఁ, ఇంకొకటి. ఏజెంటు ఇష్టపడ్డాక తప్పకుండా అడిగేది, తర్వాత ఏం రాస్తున్నారని. ఒక్క పుస్తకంతో ఆగిపోయే మనిషికంటే పదేళ్ళు కలిసి నడిచే మనిషి కోసం వాళ్ళు చూస్తారు. మీ అమ్మాయి దగ్గర జవాబు ఉంది గానీ బయటికి చెప్పడానికి సిగ్గుపడుతోంది. మీ మామగారి తండ్రి గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్ళడం, 1942లో బాంబులు పడుతుంటే కొండదారిన నడిచి రావడం, అదీ ఆమె రాయాలనుకుంటున్నది. మన గంజాంలో ఆ కథ లేని ఇల్లు ఎక్కడుంది? ఉత్తరంలో ఆఖరి వాక్యంగా అది చేర్చమనండి. ఆ రంగూన్ కాయితాలేవో మీ అత్తగారి ట్రంకుపెట్టెలో ఉన్నాయన్నారు కదా, పండగ ముందు ఇల్లు సర్దేటప్పుడు పాత కాయితాలవాడికి వేసెయ్యకండి వదినగారూ.